మూలన పడిన పాత బైక్‌ను మళ్లీ రోడ్డెక్కించడం ఎలా? కాగితాల నుంచి కార్బొరేటర్ దాకా

చాలా ఇళ్లలో ఒక పాత బండి ఉంటుంది. మెట్ల కిందో, గేటు పక్కన రేకుల షెడ్డులోనో, పట్టా కప్పుకుని, రెండు టైర్లూ గాలి దిగిపోయి నిలబడి ఉంటుంది. అది అబ్బా ఇరవై ఏళ్లు నడిపిన హీరో హోండా కావచ్చు. సౌదీకో, దుబాయ్‌కో పనికి పోయిన కొడుకు వదిలి వెళ్లిన స్ప్లెండర్ కావచ్చు. తూకానికి అమ్మేయడానికి మనసు ఒప్పదు. ఇంట్లో కాలేజీకి పోయే పిల్లాడికి ఒక బండి అవసరం ఉంటుంది, కొత్తది కొనే స్తోమత ఉండదు. అలాంటప్పుడు ఈ పాత బండి గుర్తొస్తుంది.

పట్టా తీసిన వెంటనే అందరూ చేసే పని కిక్కు కొట్టడం. బండి స్టార్ట్ అయితే పని అయిపోయింది అనుకుంటారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. ముందు కాగితాలు, తర్వాత బ్రేకులు, టైర్లు, ఆ తర్వాతే ఇంజిన్. ఇంజిన్ మొరాయిస్తే బండి ఇంటి ముందే ఆగిపోతుంది, నష్టమేమీ లేదు. బ్రేకు మొరాయిస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. కాగితాలు లేకుండా యాక్సిడెంట్ అయితే ఇల్లూ వాకిలీ అమ్ముకోవాల్సి రావచ్చు.

ముందు ఆర్సీ చూడాలి

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం సొంత వాడకం బైక్‌కు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించుకోవాలి. బండిని ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. రెన్యువల్ అయితే మరో ఐదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ చేయించుకోవచ్చు. 15 ఏళ్లు దాటిన బండి తప్పకుండా స్క్రాప్‌కే పోవాలని చాలామంది అనుకుంటారు. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు వచ్చిన కోర్టు ఆదేశాల వార్తలు విని పుట్టిన అపోహ ఇది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కండిషన్ బాగున్న సొంత బైక్‌ను రెన్యువల్ చేయించుకుని నడుపుకోవచ్చు. రెన్యువల్ ఫీజుతో పాటు గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. గడువు దాటి ఎంత కాలమైతే ఆలస్యపు రుసుం అంత పెరుగుతుంది. కాబట్టి మెకానిక్‌కు రూపాయి ఇవ్వకముందే రవాణా శాఖ వెబ్‌సైట్‌లోనో, ఆర్టీఏ ఆఫీసులోనో మొత్తం ఎంత అవుతుందో తెలుసుకోవాలి. పెండింగ్ చలాన్లు ఉన్నాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇంకో మూడు సంగతులు గమనించాలి. ఆర్సీ పోయి ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో డూప్లికేట్ తీసుకోవాలి. బండి ఫైనాన్స్‌లో కొని, అప్పు తీరిపోయినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంటే, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి ఆ పేరు తీయించాలి. బండి కర్ణాటకలోనో, మహారాష్ట్రలోనో రిజిస్టర్ అయి ఉంటే, ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకునేవాళ్లు అక్కడి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడి నంబరు తీసుకోవాలి.

అబ్బా పేరు మీద ఉన్న బండి

బండి యజమాని చనిపోయిన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటే. ఆర్సీని అలాగే ఉంచేసి, కొడుకులు బండి నడుపుకుంటూ పోతారు. చట్టం ప్రకారం యజమాని మరణించిన 30 రోజుల్లో ఆ సంగతి, బండి ఎవరు వాడుకుంటారన్నది రిజిస్టరింగ్ ఆఫీసుకు తెలపాలి. మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టాలి. దాంతో పాటు డెత్ సర్టిఫికెట్, ఆర్సీ, ఇన్సూరెన్స్ ఇవ్వాలి. గడువు దాటిపోయినా దారి మూసుకుపోదు, ఆలస్యపు రుసుంతో చేయించుకోవచ్చు. సాధారణంగా మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదనే అఫిడవిట్ కూడా అడుగుతారు.

ఈ అఫిడవిట్‌ను ఉత్త సంతకం పనిలా చూడకూడదు. బైక్ కూడా మీరాస్‌లో భాగమే. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ ఉంటే అదీ తీరాక మిగిలిన ఆస్తిలో అమ్మీకి ఎనిమిదో వంతు ఉంటుంది. పోయిన మనిషి తల్లిదండ్రులు బతికి ఉంటే వాళ్లకూ వాటా ఉంటుంది. మిగతాది కొడుకులకు, కూతుళ్లకు రెండుకు ఒకటి చొప్పున పోతుంది. పెద్ద కొడుకు తాళంచెవి తీసుకున్నంత మాత్రాన బండి అతనిది అయిపోదు. పాత బండికి విలువ తక్కువే అయినా, అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి, ఎవరు తీసుకుంటున్నారు, మిగతావాళ్లకు ఎంత ఇస్తున్నారు అన్నది మాట్లాడుకుని సంతకాలు తీసుకోవడం మంచిది. రిపేరుకు పదివేలు పెట్టాక ఈ మాట ఎత్తితే గొడవ అవుతుంది. ముందే ఎత్తితే పది నిమిషాల్లో తేలిపోతుంది.

యజమాని గల్ఫ్‌లో ఉంటే బండి అతని పేరు మీదే ఉండొచ్చు. ఇన్సూరెన్స్ అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. కానీ ఇక్కడ నడిపే తమ్ముడికో, బావమరిదికో గేర్ బండి లైసెన్స్ ఉండి తీరాలి. ఏదైనా జరిగితే నోటీసు వచ్చేది ఆర్సీలో పేరున్న మనిషికే.

ఇన్సూరెన్స్ లేకుండా వీధి చివరికి కూడా వద్దు

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బైక్‌కు ఏడాదికి 714 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇంత తక్కువ కట్టకుండా వదిలేసే బండ్లు చాలా ఉన్నాయి. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే 2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా మొదటిసారి 2,000, మళ్లీ పట్టుబడితే 4,000. ఇది చిన్న సంగతి. అసలు భయం వేరే ఉంది. బండి తగిలి ఎవరైనా చనిపోయినా, అవిటివాళ్లయినా ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది. ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది, లేకుంటే యజమాని కట్టాలి. అందుకే పాత బండిని మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ పోకూడదు. తోసుకుంటూ గానీ, ట్రాలీ ఆటోలో ఎక్కించి గానీ తీసుకెళ్లాలి.

ఇంట్లో పదహారేళ్ల పిల్లాడు ఆ బండిని తానే బాగు చేశానని మురిసిపోతూ బయటికి తీస్తానంటే ఒప్పుకోకూడదు. గేర్ బండికి 18 ఏళ్లు నిండాలి. మైనర్ నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడే వీలు చట్టంలో ఉంది.

బాగు చేయించడం దండగా, లాభమా?

బండి దగ్గర కూర్చుని పావుగంట చూస్తే చాలా తెలుస్తుంది. మొదట ఛాసిస్ నంబరు చూడాలి. తుప్పు పట్టి చదవడానికి రాకపోతే ఆఫీసులో ఇబ్బంది అవుతుంది. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడవాలి. గరుకు కాగితంతో, గ్రైండర్‌తో గీకకూడదు, నంబరు మార్చారన్న అనుమానం వస్తుంది. తర్వాత ఫ్రేము. పైన దుమ్ము, పెయింటు పోవడం పెద్ద లెక్క కాదు. వెల్డింగ్ దగ్గర పగుళ్లు, లోపలి నుంచి తిన్న తుప్పు ఉంటే ఆలోచించాలి.

విడిభాగాలు దొరకడం ఇంకో లెక్క. హీరో హోండా సీడీ 100 1985లో, స్ప్లెండర్ 1994లో వచ్చాయి. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయినా స్ప్లెండర్ ఆగలేదు. అందుకే దాని సామాను చిన్న టౌన్‌లో కూడా దొరుకుతుంది. ఎప్పుడో ఆగిపోయిన మోడళ్లకు ఒక్క పార్టు కోసం నెలలు తిరగాల్సి వస్తుంది. మెకానిక్‌ను పనికి దించే ముందు ఏ పార్టుకు ఎంత, కూలి ఎంత అని కాగితం మీద రాయించుకోవాలి. దానికి ఆర్టీఏ ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపి చూసుకోవాలి. ఆ మొత్తానికి కాగితాలు సరిగ్గా ఉన్న మంచి సెకండ్ హ్యాండ్ బండి వస్తుందంటే, మనసుకు నచ్చజెప్పుకోవడమే మేలు. అప్పుడు కూడా ఊరికే తుక్కు వాడికి ఇచ్చేయకూడదు. ఆర్సీ రద్దు చేయించి, గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వాలి. లేకుంటే ఆ నంబరు ఎవరి చేతిలో తిరుగుతుందో తెలియదు.

టైర్లు, బ్రేకులు

టైరు బటన్లు బాగున్నాయి, అరగలేదు అని మెకానిక్‌లు కూడా అంటుంటారు. నిలబడిపోయిన బండిలో టైరు అరగదు, ఎండిపోతుంది. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. పక్కన వెంట్రుకల్లాంటి పగుళ్లు కనబడినా, పదేళ్ల పాతదైనా మార్చేయాల్సిందే. పాత స్ప్లెండర్‌కు ముందు, వెనక 2.75-18 సైజు. టైరుతో పాటు ట్యూబు, రిమ్ము లోపలి టేపు కూడా కొత్తవి వేయించాలి. స్పోకులు తుప్పు పట్టి విరిగి ఉంటే అప్పుడే బిగించాలి.

డ్రమ్ బ్రేకుల్లో లైనర్లు చూడ్డానికి మందంగానే ఉంటాయి. కానీ ఏళ్ల తేమకు డ్రమ్ములో తుప్పు పేరుకుని, లైనర్ అంటుకున్న గమ్ము వదిలేసి ఉంటుంది. చక్రం విప్పి చూడకుండా బ్రేకు బాగుందని ఎవరూ చెప్పలేరు. లైనర్లు మార్చి, బ్రేకు క్యామ్‌కు కొద్దిగా గ్రీజు పెట్టాలి. ఎక్కువ పెడితే లైనర్ మీదికి కారుతుంది. ఒక జాగ్రత్త: డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి కొట్టకూడదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడి గుడ్డతో తుడవాలి.

క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ వైర్లు మూడూ ఒకసారే మార్చడం మంచిది. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే తనంతట తాను ఠక్కున వెనక్కి రావాలి. రాకపోతే ట్రాఫిక్‌లో బండి ఆగదు. చైను తుప్పు పట్టి ముడతలు పడి ఉంటే చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్‌గా మార్చాలి. ఒక్క చైను మారిస్తే పాత పళ్లు కొత్త చైనును తినేస్తాయి.

ట్యాంకు, కార్బొరేటర్

పాత పెట్రోలు మొత్తం తీసేయాలి. నెలలు నిలవున్న పెట్రోలు ఆవిరై, జిగురుగా మారి కార్బొరేటర్ సన్న రంధ్రాలను మూసేస్తుంది. ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నిలవుంటే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. ఆ కాలంలో వేసిన రబ్బరు పైపులు, వాషర్లు దీనికి తట్టుకునేలా చేసినవి కావు. కాబట్టి పెట్రోలు పైపు, కాక్ వాషర్లు, కార్బొరేటర్ రబ్బర్లు కొత్తవి వేయించాలి.

ట్యాంకు లోపల టార్చి వేసి చూడాలి. సన్నటి తుప్పు ఉంటే ట్యాంకు విప్పి, కాక్ తీసి ఆ రంధ్రం మూసి, పెట్రోలు వాసన పోయేదాకా కడగాలి. తర్వాత తెల్ల వెనిగర్ పోసి ఒక రోజు ఉంచాలి. గుప్పెడు నట్లు వేసి కదిపితే తుప్పు రాలుతుంది. నట్లు లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీయాలి. తర్వాత వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో మళ్లీ కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే కొంచెం ఆయిల్ పోసి లోపలంతా తిప్పాలి. తడి మీద వదిలేస్తే మర్నాటికే మళ్లీ తుప్పు వస్తుంది. చిల్లులు పడే స్థితిలో ఉంటే కొత్త ట్యాంకే మార్గం. పెట్రోలు ఉన్న ట్యాంకుకు, ఖాళీ అయినా కడగని ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించకూడదు. ఆవిరికి నిప్పు అంటుకుని పేలుతుంది.

కార్బొరేటర్ విప్పి జెట్లు క్లీనర్‌తో కడిగి గాలి కొట్టాలి. సూది, తీగ దూర్చి పొడిస్తే రంధ్రం పెద్దదై బండి పెట్రోలు తాగుతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, సైలెన్సర్ గొట్టం కూడా చూడాలి. ఎలుకలు, కందిరీగలు గూళ్లు పెట్టే చోట్లు అవే. ఈ పనులన్నీ ఆరుబయట చేయాలి. ఇంట్లో, పొయ్యి దగ్గర, పిల్లలు తిరిగే చోట వద్దు. తీసిన పాత పెట్రోలును మోరీలో పోయకూడదు.

ఇప్పుడు ఇంజిన్

మొదట ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయాలి. ఎండిపోయిన పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ తడుస్తాయి. మర్నాడు ప్లగ్గు లేకుండానే కిక్కును చేత్తో మెల్లగా తొక్కాలి. కదిలితే సంతోషం. కదలకపోతే బలవంతం చేయకుండా మెకానిక్‌కు అప్పగించాలి. కాలితో గట్టిగా తంతే రింగులు విరుగుతాయి, అప్పుడు చిన్న పని కాస్తా బోరు పని అవుతుంది.

తిరుగుతోందని తేలాక పాత ఇంజిన్ ఆయిల్ దించేయాలి. పాల టీ రంగులో వస్తే నీరు కలిసిందని అర్థం. స్ప్లెండర్ లాంటి బండ్లకు ఆయిల్ 900 మిల్లీలీటర్ల డబ్బాల్లో దొరుకుతుంది. గేజి మీద గుర్తు చూసుకుంటూ పోయాలి. ఆ కాలం బండ్లకు 20డబ్ల్యూ-40 గ్రేడు వాడేవారు. కారు ఆయిల్ చవకగా వచ్చిందని పోయకూడదు. బైక్‌లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో తిరుగుతాయి, కారు ఆయిల్‌కు అవి జారిపోతాయి. యమహా ఆర్ఎక్స్ 100 లాంటి టూ-స్ట్రోక్ బండికి ఇంకో జాగ్రత్త ఉంది. దాని టూ-టీ ఆయిల్ ట్యాంకు నింపి, పంపు నుంచి ఆయిల్ అందుతోందని చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. ఆయిల్ అందకుండా నడిస్తే కొద్ది దూరంలోనే పిస్టన్ పట్టేస్తుంది.

కొత్త ప్లగ్గు, తాజా పెట్రోలు, చోకు. ఇప్పుడు కిక్కు కొట్టాలి. పాత కిక్ స్ప్లెండర్‌కు బ్యాటరీ పోయినా స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే నిప్పుకు కావాల్సిన కరెంటు మాగ్నెట్ నుంచే వస్తుంది. కానీ హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటుకు బ్యాటరీ కావాలి. ఇవి లేకుండా ఇన్‌స్పెక్షన్‌లో పాసవడం కష్టం.

స్టార్ట్ అయిన కొత్తలో పొగ వస్తుంది, ముందు రోజు పోసిన ఆయిల్ అది. పది నిమిషాల తర్వాత కూడా నీలం పొగ ఆగకపోతే రింగులో, వాల్వు సీళ్లో పోయినట్టు. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోందని, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందని అర్థం.

చివరి మెట్టు

బండి సిద్ధమయ్యాక ఇన్సూరెన్స్, తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్, తర్వాత ఆర్టీఏ. పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 2000 మార్చి 31కి ముందు తయారైన బైక్‌లకు 4.5 శాతం, తర్వాతి వాటికి 3.5 శాతం. పాసవకపోతే చాలాసార్లు కార్బొరేటర్ ట్యూనింగ్‌తో సరిపోతుంది. ఆఫీసుకు పోయే ముందు లైట్లు, హారన్, అద్దాలు, నంబరు ప్లేటు సరిచూసుకోవాలి. రంగు మార్చి ఉంటే అది ఆర్సీలో ఎక్కాలి. సైలెన్సర్ మార్చి మోత పెట్టించిన బండిని వెనక్కి పంపిస్తారు. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు పాత బండ్లకూ అడుగుతున్నారు కాబట్టి అదీ విచారించుకోవాలి.

కొత్త ఆర్సీ చేతికొచ్చాక మొదటి రెండు వందల కిలోమీటర్లు ఊళ్లోనే, నెమ్మదిగా, ఒక్కరే నడపాలి. తర్వాత నట్లన్నీ ఒకసారి బిగించి, చైను చూసుకుని, ఆయిల్ మళ్లీ మార్చాలి. లోపల వదిలిన తుప్పు, మడ్డి అంతా ఆ ఆయిల్‌తో పోతుంది. అమ్మీని, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకోవడం ఆ తర్వాతి మాట. కూర్చునేవాళ్లకు కూడా హెల్మెట్ ఉండాలి.

బండి మళ్లీ మూలన పడకుండా చూసుకోవడం పెద్ద పనేమీ కాదు. నడిపేవాళ్లు నెల రోజులకు మించి ఊళ్లో ఉండరంటే ట్యాంకులో పెట్రోలు తీసి, కాక్ మూసి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ నడిపి ఆపాలి. బ్యాటరీ వైరు విప్పి, సెంటర్ స్టాండు వేసి, గాలి ఆడే గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపలి తేమ బయటికి పోదు. ఇన్సూరెన్స్ గడువు తేదీ, ఆర్సీ గడువు తేదీ ఇంట్లో అందరికీ కనిపించేలా క్యాలెండర్ మీద రాసిపెట్టుకోవాలి.